ఖాళీ జీను

జూన్ 12, శుక్రవారం

ఈ నోటుపుస్తకం మా ఆయన హార్లన్ కొనుక్కున్నది. మొదటి పేజీలో అతని కోడిగీతల్లో ఐదు తేదీలున్నాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకొక శని, ఆదివారాలు. వాటి కింద "బిస్కెట్, నేను. వెస్టర్న్ డ్రెసాజ్. నవ్వేవాళ్ళు నవ్వుకోండి" అని రాసుకున్నాడు. బిస్కెట్ అతని గుర్రం, డ్రెసాజ్ అంటే గుర్రం చేత లెక్క ప్రకారం అడుగులేయించే విద్యట. తరవాతి పేజీలన్నీ తెల్లకాగితాలే. ఏప్రిల్ తొమ్మిదిన పోయిన మనిషి జూన్ పేజీలు ఎలా నింపుతాడు?

పొద్దున కౌంటీ మైదానం నుంచి ఫోన్ వచ్చింది. "పాఠాల జాబితాలోంచి హార్లన్ గారి పేరు కొట్టేయమంటారా?" అని అడిగిందో అమ్మాయి. సరే అనబోయి, "వద్దు, ఆయన బదులు నేనొస్తాను" అన్నాను. నాకు నోటిదూల ఎక్కువ. అరవై ఏళ్ళొచ్చాయి, మోకాళ్ళు ఉన్నాయో లేవో తెలీదు. పైగా రెండు నెలలుగా ఆ గుర్రం మొహం చూడలేదు. మేత కూడా ఎమ్మెట్ బావగారే వచ్చి వేసి వెళ్తున్నారు.

అక్టోబరు దాకానే. పాఠాలు అయిపోగానే బిస్కెట్‌ని బావగారి మనవరాలికి ఇచ్చేస్తానని మాటిచ్చాను. ఇచ్చేముందు దాన్ని కాస్త దారిలో పెట్టి ఇవ్వడం మర్యాద. అంతకుమించి ఏం లేదు.

జూన్ 13, శనివారం

బావగారే ట్రైలర్‌లో ఎక్కించారు. ఎక్కిస్తూ ఊరుకుంటారా?

"ఏంటమ్మాయ్, ఆవుల్ని తోలే గుర్రానికి బ్యాలే నేర్పిస్తావా? రేపు దూడని మలపవే అంటే వంగి దణ్ణం పెడుతుందేమో!"

"మీ తమ్ముడి సరదా బావగారూ. నన్నంటారేం?"

తమ్ముడి మాట రాగానే ఆయన తాడు ముడి సరిచేసే పనిలో పడ్డారు.

మైదానంలో ఆరుగురం చేరాం. పాఠం చెప్పే రమోనాకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎండకి కాలిన మెడ, మైకు అక్కర్లేని గొంతు. నా పాత స్నేహితురాలు హేజెలక్క కూడా వచ్చింది, డెబ్బై రెండేళ్ళ వయసులో, తన కంచరగాడిద డచెస్‌ని వేసుకుని. "గాడిదల్ని కూడా రానిస్తున్నారా?" అని ఎవరో అంటే, "మగాళ్ళని రానివ్వగా లేంది దీనికేం వచ్చింది?" అంది. అందరూ నవ్వారు. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను గుర్రం పొట్ట కింద జీను పట్టా బిగిస్తున్నట్టు వంగిపోయాను. అంత్యక్రియలప్పుడు జనం వంటలు నింపి తెచ్చిన గిన్నెలన్నీ, అడుగున అంటించిన పేర్లు చూసి తిరిగిచ్చేశాను. ఆవిడది మాత్రం ఇంకా నా అలమరలోనే ఉంది.

ఇసుక పరిచిన మడి, దాని చుట్టూ అక్షరాల పలకలు. ఈ అక్షరం దగ్గర నడక, ఆ అక్షరం దగ్గర చిన్న పరుగు, ఇంకోచోట గుండ్రంగా తిరగడం. నడిమధ్య చోటుని ఎక్స్ అంటారు గానీ అక్కడ పలకేమీ ఉండదు. ఉందనుకుని అక్కడ ఆగి జడ్జికి తల వంచాలి.

"ఇలీన్ గారూ, సున్నా చుట్టమంటే బంగాళదుంప చుట్టారు," అంది రమోనా. "ఆ పగ్గాలు అంత బిగబట్టారేంటి? వాడెక్కడికి పోతాడు?"

"ఎక్కడికీ పోదు. దాని రోగమే అది," అన్నాను.

జూన్ 14, ఆదివారం

మోకాళ్ళు. ఇంకేం రాయను.

జూన్ 30

డాక్టరు చెప్పిందిది: గుర్రం మీంచి పడగానే ప్రాణం పోయి ఉంటుంది, బాధ తెలిసి ఉండదు. ఒకసారి రాసి పెట్టుకుంటే రోజూ అనుకోనక్కర్లేదని రాస్తున్నాను.

గుర్రం ఇంటికొచ్చి ఉంటే నేను పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్ళేదాన్ని. రాలేదు. ఇంటికి నాలుగు మైళ్ళ అవతల, వాగు ఒడ్డున రాళ్ళ దగ్గర సాయంత్రం అయిదింటిదాకా అలాగే నిలబడి ఉంది. "ఎంత విశ్వాసం, యజమానిని వదిలి రాలేదు" అని ఊరంతా చెప్పుకుంటున్నారు. విశ్వాసమట!

జూలై 11, శనివారం

ఎండ మాడ్చేస్తోంది. పగ్గాలు పూర్తిగా వదిలేసి గుర్రాన్ని మెడ చాచి నడవనివ్వాలట. మిగతా అయిదుగురూ వదిలారు. నేను వేలెడంత వదిలి మళ్ళీ లాగేసుకున్నాను. "అదిగో, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటున్నారు," అని రమోనా నాలుగుసార్లు అరిచింది.

మధ్యాహ్నం దిగి నీళ్ళ కోసం వెళ్ళాను. పగ్గాలు కడ్డీకి వేశాననుకున్నాను, జారి నేల మీద పడ్డాయి. అంతలో గాలికి పైకప్పు రేకు ఒకటి ఊడి ధడేలున పడింది. గుర్రాలన్నీ చెదిరిపోయాయి, డచెస్ అయితే గేటుదాకా పోయింది. బిస్కెట్ మాత్రం చెవి ఒకటి తిప్పి, ఉన్నచోటే నిలబడింది. పగ్గాలు నేల మీద ఉన్నాయి మరి.

రమోనా దాని చుట్టూ తిరిగి చూసింది. "ఆకాశం విరిగిపడినా కదిలేలా లేడే! పగ్గం నేల తాకితే ఇంత స్థిరంగా నిలబడే గుర్రాన్ని నేను ఎక్కువ చూళ్ళేదు. ఎవరు నేర్పారండీ?"

"మా ఆయన," అన్నాను.

"చెయ్యి తిరిగిన మనిషన్నమాట."

హేజెలక్క దూరం నుంచి నా వైపే చూస్తోంది.

జూలై 12, ఆదివారం

మా ఆయన అన్నాను. ఎందుకన్నాను?

జూలై 13

హార్లన్‌కి అంత ఓపిక ఎక్కడిది? తలుపుకి నూనె రాయమంటే తలుపే తీసి పక్కన పెట్టే రకం.

జూలై 29

సరే, రాస్తాను. చదివేదెవరు కనక.

కిందటేడు జనవరిలో ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర బిస్కెట్ నిలబడి ఉంది. జీను మీద మనిషి లేడు. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. మా చిన్నాన్న పోయిన సంగతి మాకు అలాగే తెలిసింది. చెప్పుల్లేకుండా మంచులో పరిగెత్తి ట్రక్కు తీశాను. రెండు మైళ్ళ అవతల హార్లన్ కుంటుకుంటూ, పాడుకుంటూ ఎదురొచ్చాడు. కంచె బాగు చేద్దామని దిగితే గుర్రం విసుగెత్తి ఇంటికి బయల్దేరిందట. అది చెప్పి నవ్వాడు. నేను అతని టోపీ లాక్కుని దాంతోనే కొట్టాను. రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను.

"ఇంకోసారి ఆ ఖాళీ జీను నా కంటపడితే నేను బతకను," అన్నాను.

"పడదే. ఒట్టు. నీకు ఇంకెప్పుడూ కనపడదు," అన్నాడు, నవ్వు మానేసి.

అతని ఒట్టుని నమ్ముకుని కూర్చోలేదు నేను. ఆ చలికాలమంతా నేనే నేర్పాను. పగ్గాలు నేల మీద వదిలి నాలుగడుగులు వెనక్కి వెయ్యడం. కదిలితే తీసుకొచ్చి మళ్ళీ ఆ గిట్టల గుర్తుల్లోనే నిలబెట్టడం. నిలబడితే క్యారట్ ముక్క. మార్చికల్లా మంచు తవ్వే బండి పక్కనుంచి పోయినా కదిలేది కాదు. హేజెలక్క కంచె మీద చేతులు ఆన్చి చూసి, "ఈ గుర్రం నీ మొగుడి కంటే బాగా మాట వింటోందే" అంది.

గుర్రం ఇంటికి రాలేదని నేను దాన్ని తిడుతున్నాను.

ఆగస్టు 8, శనివారం

ఇవాళ నమూనా పరీక్ష. పక్కన ఒకరు నిలబడి ఏ అక్షరం దగ్గర ఏం చెయ్యాలో చదివి వినిపించవచ్చు. నాకు చదవడానికి హేజెలక్క వచ్చి నిలబడింది, నేను అడక్కుండానే. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన గొంతు.

"ఎ దగ్గర లోపలికి, చిన్న పరుగు. ఎక్స్ దగ్గర ఆగి, నమస్కారం."

ఆగాను. తల వంచాను. "నడకతో ముందుకి," అంది. కాళ్ళు కదపలేకపోయాను. బిస్కెట్ కూడా కదల్లేదు, నేను చెప్పలేదు కనక. "ముందుకి, ఇలీనూ," అని మళ్ళీ చదివింది. ఎంతసేపు అక్కడ ఉన్నామో. చివరికి రమోనా వచ్చి కళ్ళెం పట్టుకుని బయటికి నడిపించింది. ఆ పిల్లకి అంత మర్యాద ఉందని తెలీదు.

ట్రైలర్ నీడలో హేజెలక్క నా పక్కన కూలబడి పీచ్ పళ్ళు కూరి కాల్చిన పై ముక్క చేతిలో పెట్టింది.

"నా గిన్నె ఎప్పుడిస్తావే?"

"ఇస్తాను."

"గిన్నె కోసం కాదు. నాలుగు నెలలుగా నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నావు. ఎందుకో నాకు తెలుసు."

తెలుసు. హార్లన్ పోయిన రోజు ఆవిడ మా వంటింట్లోనే ఉంది. పన్నెండయింది, హార్లన్ భోజనానికి రాలేదు. "మీ ఆయనింకా రాలేదేమే?" అని ఆవిడ అడిగితే, కిటికీలోంచి గేటు చూసి నేనన్న మాట: "గుర్రం ఖాళీగా రాలేదుగా అక్కా. అంటే మొగుడు బాగానే ఉన్నట్టు." ఇద్దరం నవ్వుకున్నాం. కాఫీ మళ్ళీ పెట్టాను. గేటు దగ్గర ఏమీ లేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నాను. గుర్రాన్ని రానివ్వకుండా చేసింది నేనేనన్న సంగతి అప్పుడు బుర్రకి తట్టనేలేదు.

"ఆ మాటకి నేనూ నవ్వానే," అంది హేజెలక్క. "గుర్రానికి నేర్పింది నువ్వని నాకూ తెలుసు. నాకూ తట్టలేదు. నీ ఒక్కదాని నెత్తినే వేసుకోకు, నా వాటా నాకివ్వు."

ఆ ముక్క తిన్నాను. ఉప్పగా ఉంది, నా మూలానే.

ఆగస్టు 9

పగ్గాలు మూరెడు వదిలాను. బిస్కెట్ మెడ చాచి, నేల వాసన చూసుకుంటూ నడిచింది. నాకు భయం వేసింది.

సెప్టెంబరు 12, శనివారం

కొండల్లో కార్చిచ్చు. పొగ మూలాన పాఠం రద్దు. గొంతు మండుతోంది. మధ్యాహ్నం బావగారు వస్తే గొడ్డుమాంసం కూర వేడి చేసి పెట్టాను. తింటూ తింటూ, "గుర్రం ఎప్పుడొస్తుందని పిల్ల క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తోందమ్మాయ్" అన్నారు.

నాకేమయిందో, చెప్పేశాను. అయిదు నెలలుగా ఎవరికీ చెప్పనిది, ఇందులో కూడా రాయనిది.

ఆ సాయంత్రం వాగు దగ్గరికి ముందు నేను వెళ్ళాను, నా వెనక పావుగంటకి బావగారు వచ్చారు. హార్లన్ రాతికి ఆనుకుని ఉన్నాడు, కాళ్ళు చాపుకుని, టోపీ పక్కన పెట్టుకుని. బిస్కెట్ పక్కనే నిలబడి ఉంది. పగ్గాలు నేల మీద ఉన్నాయి. జీను పట్టా రెండు చిల్లులు వదులు చేసి ఉంది.

గుర్రం మీంచి పడినవాడు పట్టా వదులు చెయ్యడు. హార్లన్ పడలేదు. ఒంట్లో బాగాలేక తనే దిగాడు. దిగి, కాసేపు పడుతుందనుకుని, గుర్రానికి ఊపిరాడాలని పట్టా వదులు చేసి, కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో. బావగారు వచ్చేలోపు, ఎవరికీ తెలియకూడదని నేను ఆ పట్టా మళ్ళీ బిగించేశాను. పడిపోయాడని డాక్టరుకి చెప్పింది నేనే. నేను చెప్పిందే ఆయన తిరిగి నాకు చెప్పాడు.

"నేను నేర్పకపోయుంటే గుర్రం వచ్చేసేది బావగారూ. మనం వెళ్ళేవాళ్ళం. మీ తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను."

ఆయన చెంచా కింద పెట్టారు. ఆయన ఏడుస్తారనో, కొడతారనో, లేచి పోతారనో అనుకున్నాను. పొగలోకి చూస్తూ అడిగారు.

"పట్టా వదులు చేసిన చేతులకి పగ్గాలు ముడెయ్యడం చేతకాదా?"

"అంటే?"

"నేల మీది పగ్గాలు తీసి జీను ముందు కొమ్ముకి ముడేసి, తొడ మీద ఒక్కటిస్తే ఏ గుర్రమైనా ఇంటికే పోతుంది కదమ్మాయ్. మనకి పదేళ్ళప్పుడే తెలుసు. వాడికి తెలీదా?"

"నేను నేర్పింది దాని ఒంట్లో అంతగా పట్టేసింది. ముడేసినా వెళ్ళేది కాదేమో."

"ఏమో మరి. నాకేం తెలుసు." ఆయన చెంచా మళ్ళీ తీసుకున్నారు గానీ తినలేదు.

సెప్టెంబరు 13

ముడేసినా వెళ్ళేది కాదేమో.

సెప్టెంబరు 20

వెళ్ళేదేమో.

అక్టోబరు 10, శనివారం

ఆఖరి పాఠం, అసలు పరీక్ష. హేజెలక్క చదివింది, నేను నడిపాను. ఎక్స్ దగ్గర ఆగి, పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని, తల వంచి, ముందుకి కదిలాను. పగ్గాలు వదలమన్నచోట చివరిదాకా వదిలాను. బిస్కెట్ నిదానంగా, ఎవరి పొలంలోనో నడిచినట్టు నడిచాడు. దానికి పదికి ఎనిమిది వేసింది రమోనా. కాగితం కింద "సున్నా ఇప్పుడు సున్నాలాగే ఉంది. బంగాళదుంపని ఇంట్లో వదిలొచ్చినందుకు థాంక్సండీ" అని రాసింది.

హేజెలక్కకి గిన్నె ఇచ్చేశాను. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని బిస్కెట్లు చేసి నింపాను. "గుర్రాన్ని కాదుగా?" అంది మూత తీస్తూ. చాలా నెలల తరవాత పొట్ట పట్టుకుని నవ్వాను.

"రేపు రాను," అని రమోనాకి చెప్పాను.

"ఆఖరి రోజండీ. ఏం పనుంది మీకు?"

"ఒకటి చూడాలి."

అక్టోబరు 11, ఆదివారం

బావగారు ఎనిమిదింటికే ట్రైలర్ తెచ్చారు, బిస్కెట్‌ని తీసుకెళ్ళడానికి. "ఒక్క పని చేసిపెట్టండి బావగారూ. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, పదింటి నుంచి ఎంతసేపయిందో గడియారం చూస్తుండండి," అన్నాను. ఆయన కుర్చీ తెచ్చి గేటు పక్కన వేసుకున్నారు. మొహం మాత్రం తెల్లబడింది.

వాగు దాకా నడకలోనే వెళ్ళాం. ఏప్రిల్ తరవాత నేను అటు వెళ్ళలేదు. దిగాను. పట్టా రెండు చిల్లులు వదులు చేశాను. పగ్గాలు నేల మీద పడేసి, అతను ఆనుకున్న రాతికే ఆనుకుని కూర్చున్నాను. బిస్కెట్ నిలబడ్డాడు. ఎండ నా మొహం మీద పడాల్సింది, వాడి నీడ పడింది. వాడి ఊపిరి వినిపిస్తోంది. అక్కడ ఇంకో చప్పుడు లేదు. వాడు గనక లేకపోతే ఆ చోటు ఎంత పెద్దదో, ఎంత ఖాళీయో కూర్చున్నాకే తెలిసింది. లేవబుద్ధి కాలేదు.

లేచాను. సరిగ్గా పదింటికి పట్టా బిగించి, పగ్గాలు తీసి కొమ్ముకి ముడేశాను. రెండు నిమిషాలు పట్టలేదు. తొడ మీద చరిచి, "పో ఇంటికి!" అన్నాను. వాడు నన్నోసారి చూశాడు. వెళ్ళకు, వెళ్ళకు అనుకున్నాను. వాడు వెళ్ళకపోతే తప్పంతా నాదే అవుతుంది, ఇన్నాళ్ళూ మోసిందే కదా, అలవాటైపోయింది. ఇంకోటి మోయడం నాకు చేతకాదు. వాడు తల తిప్పుకుని చిన్న పరుగులో మెరక ఎక్కి దిగిపోయాడు.

నాలుగు మైళ్ళూ నడిచాను. గేటు కనపడే చోటికి వచ్చేసరికి మోకాళ్ళ నొప్పి కూడా తెలీడం లేదు. గేటు దగ్గర బిస్కెట్ ఉన్నాడు, జీను మీద ఎవరూ లేరు. ఏది నా కంట పడకూడదని ఒక చలికాలమంతా క్యారట్లు పెట్టి నేర్పానో, అది అక్కడ నిలబడి ఉంది. కంచె పట్టుకుని చూశాను.

బావగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ముప్ఫై ఆరు నిమిషాలు," అన్నారు.

ముప్ఫై ఆరు నిమిషాలు. ట్రక్కులో పదిహేను. చాలునో చాలదో ఏ డాక్టరూ చెప్పలేడు ఇప్పుడు. కానీ పంపితే వచ్చేవాడు. హార్లన్ పంపలేదు.

కాసేపట్లో తగ్గిపోతుందనుకున్నాడేమో, ఏ నొప్పికైనా "రెండు నిమిషాలాగు" అనే మనిషి. ఒంటరిగా ఉండలేక గుర్రాన్ని ఉంచుకున్నాడేమో. ఆ రెండూ నేను ఒప్పుకోగలను. మూడోది రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. మంచు రోడ్డు మీద కూర్చుని నేనేడ్చిన ఏడుపు అతనికి గుర్తొచ్చిందేమో. నీకు ఇంకెప్పుడూ కనపడదు, ఒట్టు, అన్నాడు. నాకు కనపడలేదు. మూర్ఖుడు. ఇంట్లో ఒక్క మాట మీద నిలబడని మనిషి, నిలబడక నిలబడక దాని మీదా నిలబడాలి? కనపడితే ఏమయ్యేది నాకు? చూశానుగా ఇవాళ. చావలేదుగా.

కంచె పట్టుకునే ఏడ్చాను. బావగారు టోపీ తీసి పక్కన నిలబడ్డారు.

"ఎక్కిద్దామా అమ్మాయ్, ట్రైలర్‌లో?" అన్నారు.

"వద్దు బావగారూ. వీణ్ణి ఇవ్వను."

"పిల్లకేం చెప్పను?"

"ఆదివారాలు ఇక్కడికే రమ్మనండి. పగ్గాలు ముడేసి పంపడం ముందు నేర్పుతాను. తక్కినవి తరవాత."

ఆయన తలూపి, ఖాళీ ట్రైలర్ తోలుకుని వెళ్ళిపోయారు. నేను కొమ్ముకున్న ముడి విప్పి, వాడి పట్టా రెండు చిల్లులు వదులు చేశాను.